కల్వర్టు మార్చాలంటే ఎవరిని అడగాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పల్లె రోడ్ల కల్వర్టుల గురించి గుంటూరు, బాపట్ల వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. వేసవిలో కట్టాలనుకునే వాళ్ల ఫైలు వరి కోతల నాటికే కదలాలి కాబట్టి అనుమతుల సంగతే ఎక్కువగా రాశాం.

ప్రశ్న: మా ఊరి నుంచి పక్క ఊరికి పోయే పంచాయతీరాజ్ రోడ్డులో ఒక మురుగు డ్రెయిన్ మీద 600 మిల్లీమీటర్ల హ్యూమ్ పైపులు (గుండ్రటి కాంక్రీటు పైపులు) రెండున్నాయి. ఒకటి కుంగింది. వాటిని తీసేసి బాక్స్ కల్వర్టు (పెట్టెలాంటి కాంక్రీటు కల్వర్టు) కట్టాలని పంచాయతీలో అనుకున్నాం. ఒకాయన ‘నీళ్ల మీద కట్టడం కదా, ఢిల్లీ నుంచి పర్యావరణ అనుమతి రావాలి’ అంటున్నారు. కాంట్రాక్టరేమో ‘పాత చోటే కట్టేదానికి కాయితాలెందుకు’ అంటున్నాడు. ఏది నిజం?
– సర్పంచ్, చేబ్రోలు మండలం

జవాబు: రెండూ కాదు. కేంద్రం 2006 సెప్టెంబరు 14న ఇచ్చిన పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్‌లో ఏ పనులకు ముందస్తు అనుమతి కావాలో ఒక షెడ్యూలు ఉంది. రోడ్లు అందులో 7(ఎఫ్) కింద వస్తాయి. అక్కడ చెప్పింది జాతీయ, రాష్ట్ర రహదారుల గురించి. పంచాయతీరాజ్ రోడ్డు మీద పాత కల్వర్టు తీసి కొత్తది కట్టడం ఆ షెడ్యూలులోకి రాదు. ఢిల్లీ మాట అంతటితో వదిలేయండి.

కాంట్రాక్టరు మాట అంతకంటే ప్రమాదం. రోడ్డు పంచాయతీరాజ్‌దే కావచ్చు, దాని కింద పారే నీళ్లు వేరొకరివి. వాళ్ల నిరభ్యంతర పత్రం, అంటే వాడుకలో ఎన్‌వోసీ, లేకుండా గునపం దించితే పని మధ్యలో ఆగుతుంది. డెల్టాలో పంట కాల్వ అయితే జలవనరుల శాఖ ఇరిగేషన్ డివిజన్‌ను అడగాలి. మురుగు డ్రెయిన్ అయితే అదే శాఖలోని డ్రైనేజీ డివిజన్‌ను. ఈ రెండూ ఒకటే అనుకుని ఒక ఆఫీసుకు రాసిన దరఖాస్తు రెండో ఆఫీసుకు చేరేసరికి నెలలు గడిచిపోతాయి. పొలాల మధ్య బోదె అయితే నీటి వినియోగదారుల సంఘంతో, ఆ బోదె కింద సాగుచేసే రైతులతో మాట్లాడాలి. మెట్ట ప్రాంతంలో వాగు అయితే అది రెవెన్యూ రికార్డుల్లో వాగు పోరంబోకుగా ఉంటుంది కాబట్టి తహసీల్దారు కూడా వస్తారు.

మీ విషయంలో వరస ఇలా ఉంటే మేలు. పంచాయతీ తీర్మానం నకలు జతచేసి పంచాయతీరాజ్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) ఇవ్వండి. ఆయన ద్వారా డ్రైనేజీ ఏఈని పిలిపించి ఇద్దరూ ఒకే రోజు చోటు చూసేలా చేయండి. దాన్ని ఉమ్మడి తనిఖీ అంటారు. ఫైలులో అన్నిటికంటే విలువైన కాయితం ఆ తనిఖీ నోటే. ఆ రోజే డ్రెయిన్ హైడ్రాలిక్ పర్టిక్యులర్స్ రాతపూర్వకంగా అడగండి: డిజైను అడుగు మట్టం, అడుగు వెడల్పు, పక్క వాలు, నిండు నీటి మట్టం, వరద మట్టం, డిజైను ప్రవాహం ఎన్ని క్యూసెక్కులు. అవి చేతికి రాకుండా డ్రాయింగు గీయించవద్దు. తర్వాత ఫైలులో ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) నకలు మీద చోటు గుర్తు, ఎగువన దిగువన తీసిన లెవెల్స్, డ్రాయింగు, పాత కల్వర్టు ఫొటోలు, పని జరిగే రోజుల్లో నీళ్లు ఎలా మళ్లిస్తారో ఒక పేజీ పెట్టాలి. చాలా ఫైళ్లు వెనక్కి వచ్చేది ఈ చివరి పేజీ లేకే.

పాత చోటే కదా అనే మాటలో ఇంకో లొసుగుంది. పైపులు పోయి బాక్స్ వస్తే వింగ్ వాల్స్, అంటే చివర్లలోని రెక్క గోడలు, పక్కకు చాస్తాయి. అవి రోడ్డు హద్దు దాటి ఎవరి పట్టా భూమిలోకైనా వెళ్తాయేమో ముందే సర్వేయరుతో కొలిపించండి. అర సెంటు కోసం మొదలైన తగవు పనంతటినీ ఆపగలదు.

రోజుల లెక్క కూడా చూసుకోండి. కాల్వలకు నీళ్లు ఆపేశాక తవ్వకం మొదలుపెట్టి, జూన్‌లో వానలు పడి మళ్లీ నీళ్లు వదిలేలోపు వెంటు, అంటే కల్వర్టులో నీళ్లు పోయే దారి, తెరవాలి. పై స్లాబుకు ఆధారాలు కనీసం రెండు వారాలైనా ఉంచాలి, పూర్తి బలానికి 28 రోజులు. తవ్వకం, పునాది, గోడల రోజులు కలుపుకుంటే ఏప్రిల్‌లో పని మొదలవ్వాల్సిందే. అంటే ఉమ్మడి తనిఖీ సంక్రాంతి లోపు అయిపోవాలి.

ప్రశ్న: మేము పంపిన డ్రాయింగును డ్రైనేజీ ఆఫీసు ‘వెంటు చాలదు, సిల్ లెవెల్ (కల్వర్టు ఫ్లోరు మట్టం) సరికాదు’ అని రెండుసార్లు తిప్పిపంపింది. ఉన్న పైపులకంటే పెద్దదే ఇచ్చాం. ఎక్కడ పొరపాటు?
– వర్క్ ఇన్‌స్పెక్టర్, తెనాలి

జవాబు: ‘ఉన్నదానికంటే పెద్దది’ అనేది లెక్క కాదు. ఉన్నదే చాలకపోయి ఉండొచ్చు. పై ప్రశ్నలోలాంటి 600 మిల్లీమీటర్ల పైపులు రెండు కలిపినా నీటి దారి 0.57 చదరపు మీటర్లు. ఒక్క 1000 మిల్లీమీటర్ల పైపు 0.785 ఇస్తుంది. దానికి తోడు పైపులు సగం పూడిపోయి ఉంటాయి. అలాంటి వాటిని కొలబద్దగా పెట్టుకుంటే పాత తప్పే కొత్త కాంక్రీటులో తిరిగి వస్తుంది.

డెల్టా డ్రెయిన్‌కు ప్రవాహం లెక్క మీరు కట్టనక్కర్లేదు, శాఖ ఇస్తుంది. ఉదాహరణకు సెకనుకు 4 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 141 క్యూసెక్కులు అన్నారనుకోండి. చదును నేలలో వేగం సెకనుకు ఒక మీటరు మించదని పట్టుకుంటే 4 చదరపు మీటర్ల దారి కావాలి. 1000 మిల్లీమీటర్ల పైపులు అయిదు పెట్టినా 3.93 దగ్గరే ఆగుతుంది, కాబట్టి ఆరు కావాలి. ఎన్‌పీ3 రకం పైపు గోడ మందం 115 మిల్లీమీటర్లు కాబట్టి బయటి వ్యాసం 1.23 మీటర్లు. పైపుకూ పైపుకూ మధ్య కనీసం సగం వ్యాసం, అంటే అర మీటరు, వదలాలి. ఆరు పైపులకు మొత్తం 9.88 మీటర్ల వెడల్పు. చిన్న డ్రెయిన్ అంత వెడల్పే ఉండదు. అదే 3 మీటర్ల వెడల్పు బాక్స్ ఒక్కటి, ఒకటిన్నర మీటర్ల నీటి లోతుతో 4.5 చదరపు మీటర్లు ఇస్తుంది. పైపు మీద 60 సెంటీమీటర్ల మట్టి కప్పు కూడా ఉండాలి. దాంతో రోడ్డును ఇటూ అటూ ఎత్తాలి, ఆ ఎత్తుకు పక్క పొలాల నీళ్లు నిలుస్తాయి. బాక్సుకు ఆ ఇబ్బంది లేదు. డెల్టాలో హ్యూమ్ పైపుల వరసలు చవక అనిపించడం ఎస్టిమేటు మొదటి పేజీ వరకే.

మెట్ట వైపు, ఫిరంగిపురం, మేడికొండూరు లాంటి చోట్ల వాగులకు ఈ దారి పనికిరాదు. అక్కడ పరివాహక విస్తీర్ణం నుంచి మొదలుపెట్టాలి. మన దగ్గర ఎక్కువగా వాడేది రైవ్స్ సూత్రం: విస్తీర్ణాన్ని చదరపు కిలోమీటర్లలో తీసుకుని, దాని 2/3 ఘాతాన్ని గుణకంతో హెచ్చించాలి. గుణకం సముద్ర తీరానికి 25 కిలోమీటర్ల లోపు 6.8, 25 నుంచి 160 కిలోమీటర్ల మధ్య 8.5, కొండల దగ్గరి చిన్న విస్తీర్ణాలకు 10. రెండు చదరపు కిలోమీటర్ల వాగుకు 8.5 గుణకంతో సెకనుకు 13.5 ఘనపు మీటర్లు వస్తుంది. వేగం 2 మీటర్లకు మించనివ్వకూడదనుకుంటే 6.75 చదరపు మీటర్లు కావాలి. రెండున్నర మీటర్ల గదులు రెండు, ఒకటిన్నర మీటర్ల నీటి లోతు పెడితే 7.5 వస్తుంది, పైన ఖాళీ అదనం. మధ్య గోడతో కలిపి రోడ్డు వెంబడి కొలిచే పొడవు 6 మీటర్ల లోపే ఉంది కాబట్టి ఇది ఇంకా కల్వర్టే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకం ఎస్‌పీ 13 ప్రకారం 6 మీటర్లు దాటితే చిన్న వంతెన. అప్పుడు డిజైను ఆమోదం, ఎస్టిమేటు పద్దు, పని స్థాయి అన్నీ మారతాయి. 5.9 దగ్గర ఆపడానికి వెంటు కుదించే డ్రాయింగులు కనిపిస్తుంటాయి. ఆ ఇరవై ముప్ఫై సెంటీమీటర్ల మూల్యం వానాకాలంలో ఎగువ పొలాలు చెల్లిస్తాయి.

ఇక సిల్ లెవెల్. మీ డ్రాయింగు తిరిగొచ్చింది బహుశా దీనికే. లెవెల్ స్టాఫ్ (మట్టాలు కొలిచే కర్ర) డ్రెయిన్‌లో ఇప్పుడున్న బురద మీద నిలబెట్టి అదే అడుగు మట్టం అని రాసేస్తారు. అది పూడిక మట్టం. డిజైను అడుగు దానికి 40, 50 సెంటీమీటర్ల కింద ఉండొచ్చు. పూడిక మీద సిల్ పెట్టి కల్వర్టు కట్టేశాక శాఖ పూడిక తీయిస్తే డ్రెయిన్ కిందికి పోతుంది, మీ ఫ్లోరు మాత్రం గడపలా అడ్డంగా మిగులుతుంది. డెల్టాలో కొన్నిచోట్ల కిలోమీటరుకు 10 సెంటీమీటర్ల వాలు కూడా ఉండదు. అంత వాలులో 15 సెంటీమీటర్ల ఎగదన్ను అంటే నీళ్లు కిలోమీటరున్నర వెనక్కి నిలవడం. నీటి దారి ఇరుకైతే ఏమవుతుందో 2024 సెప్టెంబరులో బుడమేరు వరద చూసిన విజయవాడ సింగ్‌నగర్ వాళ్లకు చెప్పనక్కర్లేదు.

కాబట్టి లెవెల్స్‌ను శాఖ బెంచ్‌మార్క్ (మట్టం ముందే రాసి ఉన్న గుర్తు) నుంచే తీయండి. దగ్గర్లో ఏ లాకు మీదో, రెగ్యులేటర్ మీదో ఉంటుంది. ‘రోడ్డు మధ్య 100.000’ అని ఊహించి రాసుకున్న మట్టాలు వాళ్ల రికార్డుతో కలవవు. ఎగువన 200 మీటర్లు, దిగువన 200 మీటర్లు ప్రతి 20 మీటర్లకు లెవెల్ తీసి, పూడిక మట్టం, డిజైను అడుగు రెండు గీతలుగా చూపించండి. సిల్ డిజైను అడుగుకు సమానంగా ఉండాలి, వీలైతే 10, 15 సెంటీమీటర్లు కిందికి.

నల్లరేగడిలో పునాది గురించి ఒక మాట. ఎండాకాలంలో రాయిలా కనిపించే మట్టి తడిస్తే ఉబ్బుతుంది. దాన్ని తీసేసి ఇసుకో గ్రావెలో పొరలుగా వేసి గట్టిపరిచి, దాని మీద ఎం15 కాంక్రీటు పరవాలి. ఫ్లోరు చివర మట్టిలోకి దించే కటాఫ్ గోడలు మరవద్దు. ఎస్‌పీ 13లో ఎగువన 2 మీటర్లు, దిగువన రెండున్నర మీటర్ల లోతు చెబుతారు. డబ్బు తగ్గించాలంటే ముందు కోసేది వీటినే, ఎందుకంటే అవి మట్టిలో ఉంటాయి, ఎవరికీ కనపడవు. దిగువ నేల కోసుకుపోయి ఫ్లోరు కింద బొరియ పడినప్పుడు మాత్రం కనపడతాయి.

ప్రశ్న: మా పొలాల దిగువన కల్వర్టు పనికి డ్రెయిన్‌కు అడ్డంగా మట్టి కట్ట వేశారు. జూన్ వానకు మా నారుమళ్లు మునిగాయి. ఇది ఎవరి బాధ్యత? అడిగితే ‘గవర్నమెంటు పని’ అంటున్నారు.
– రైతు, పొన్నూరు మండలం

జవాబు: గవర్నమెంటు పని అయినా ఎన్‌వోసీ షరతులు దానికీ వర్తిస్తాయి. ముందు ఆ ఎన్‌వోసీ నకలు అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద డ్రైనేజీ డివిజన్‌కు దరఖాస్తు పెట్టండి. అడ్డుకట్ట ఏ తేదీ లోపు తీసేయాలో అందులో మామూలుగా రాసి ఉంటుంది. తేదీ దాటితే డ్రైనేజీ ఏఈకి, తహసీల్దారుకు ఒకేసారి రాసివ్వండి. మునిగిన నారుమడి ఫొటోలు తేదీతో సహా జతచేయండి.

1974 జల కాలుష్య నివారణ చట్టం 24వ సెక్షను వాగులో, కాల్వలో ప్రవాహానికి అడ్డుపడి కాలుష్యాన్ని పెంచే పదార్థాలు వేయడాన్ని నిషేధిస్తుంది. అదే సెక్షను, హక్కు ఉన్నవాళ్లు వంతెన, తూము, డ్రెయిన్ లాంటివి కట్టడాన్ని, బాగుచేయడాన్ని మినహాయిస్తుంది. కాంట్రాక్టర్లు ఈ మినహాయింపును చూపిస్తారు. మినహాయింపు కట్టడానికి. పని అయ్యాక డ్రెయిన్‌లో వదిలేసిన మట్టి కట్టకూ, విరిగిన పాత పైపులకూ అది గొడుగు పట్టదు.

సరిగ్గా చేసే పద్ధతి ఏమంటే, కట్ట వేసేటప్పుడే దాని అడుగున కనీసం పాత కల్వర్టు వెంటుకు తగ్గని తాత్కాలిక పైపులు వేయాలి. కట్టను నల్లమట్టితో కాకుండా ఇసుక బస్తాలతో కట్టాలి. బస్తాలను అవసరమైతే గంటలో లాగేయొచ్చు, నల్లమట్టి వానలో కరిగి పూడిక అవుతుంది, తెగితే ఒక్కసారిగా దిగువ మీద పడుతుంది. ఆకాశం మబ్బు పట్టిన రోజున కట్ట కోయడానికి సైట్లో ఎక్స్‌కవేటర్ ఉండాలని షరతు పెట్టించండి. రెండు గదుల బాక్స్ అయితే ముందు ఒక సగం కట్టి, నీళ్లు అందులోకి మళ్లించి రెండో సగం కట్టొచ్చు. ఖర్చు కాస్త పెరుగుతుంది, మునక ఉండదు.

పునాది గుంట నుంచి మోటారుతో తోడిన నీళ్లను నేరుగా డ్రెయిన్‌లోకి వదలనివ్వకండి. పక్కన చిన్న గుంత తీసి, బురద పేరుకున్నాక పైతేట మాత్రమే వదలాలి. కాంక్రీటు మిక్సరు కడిగిన నీళ్లు అసలే వదలకూడదు. వాటి క్షారత పీహెచ్ 12 దగ్గర ఉంటుంది. దిగువన చేపల చెరువులు, రొయ్యల చెరువులు డ్రెయిన్ నీళ్లు తోడుకునే చోట వాటిని చంపడానికి ఆ ఒక్క ట్యాంకు చాలు.

ప్రశ్న: కల్వర్టు అప్రోచ్‌లో (కల్వర్టుకు చేరే రోడ్డు ముక్కలో) రెండు నిద్రగన్నేరు చెట్లు అడ్డం. గ్రావెల్ దగ్గర్లోని చెరువు నుంచి తెచ్చుకోవచ్చా?
– వార్డు సభ్యుడు, దుగ్గిరాల మండలం

జవాబు: చెట్లకు 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద ముందే అనుమతి కావాలి. సర్కారు స్థలంలోవి కాబట్టి మీరు కొట్టించి కలప అమ్ముకునే వీల్లేదు. బదులు మొక్కలు నాటే షరతుకు చోటు ముందే చూసిపెట్టుకోండి. అప్రోచ్ మలుపు కాస్త జరిపితే ఒక చెట్టైనా మిగులుతుందేమో డ్రాయింగు దశలో అడగండి. తర్వాత అడిగితే ఎవరూ వినరు.

మట్టి, గ్రావెల్ గనుల శాఖ పర్మిట్‌తోనే రావాలి. బిల్లులో సీనరేజి (ఖనిజానికి సర్కారు తీసుకునే రుసుము) కోస్తారు కదా అని పర్మిట్ లేని మట్టి సక్రమం అయిపోదు. రోడ్ల లాంటి పనులకు మామూలు మట్టి తవ్వకాన్ని పర్యావరణ అనుమతి నుంచి మినహాయిస్తూ 2020 మార్చిలో కేంద్రం ఇచ్చిన వెసులుబాటును సుప్రీంకోర్టు 2024 మార్చి 21న కొట్టేసింది. 2025 మార్చిలో కేంద్రం షరతులతో ఆ మినహాయింపును మళ్లీ ఇచ్చినా, ‘రోడ్డు పనికి మట్టి ఫ్రీ’ అనే మాటను గుడ్డిగా నమ్మకండి. ఇసుకకు ఇంకో సంగతి: వంతెనలు, ఆనకట్టల లాంటి కట్టడాలకు 500 మీటర్ల లోపు తవ్వకూడదని వాల్టా నిబంధన. కల్వర్టు కడుతూ పక్క వాగులోనే ఇసుక ఎత్తడం కట్టే దాని పునాదినే తవ్వుకోవడం.

ప్రశ్న: మా కల్వర్టు కింద సముద్రపు పోటుకు ఉప్పునీళ్లు ఎక్కుతాయి. దీనికీ డ్రైనేజీ ఎన్‌వోసీ చాలా?
– పాఠకుడు, నిజాంపట్నం మండలం

జవాబు: చాలదు. 2019 జనవరి 18 నాటి తీర ప్రాంత నియంత్రణ జోన్ (సీఆర్‌జడ్) నోటిఫికేషన్ పోటు తగిలే క్రీకులకూ వర్తిస్తుంది. ఏడాదిలో అన్నిటికంటే ఎండగా ఉండే కాలంలో నీటి లవణీయత లీటరుకు సుమారు 5 గ్రాములు, అంటే వెయ్యికి అయిదు వంతులు ఉన్నంత దూరం పోటు ప్రభావం ఉన్నట్టు లెక్క. క్రీకు ఒడ్డు నుంచి 50 మీటర్లు లేదా క్రీకు వెడల్పు, ఏది తక్కువైతే అంతవరకు నేల కూడా నియంత్రణలోకి వస్తుంది. ఆమోదం పొందిన తీర నిర్వహణ పటంలో మీ చోటు ఏ జోన్‌లో పడిందో చూసి రాష్ట్ర తీర నిర్వహణ ప్రాధికార సంస్థకు దరఖాస్తు వెళ్లాలి. మడ చెట్లు ఉంటే కొమ్మ కూడా ముట్టుకోకండి, డ్రాయింగులో వాటిని కొలతతో చూపించండి. ఉప్పునీటికి ఇనుము తుప్పు పట్టే తీరు వేరు కాబట్టి మామూలు కల్వర్టు డ్రాయింగునే అక్కడ వాడొద్దు. చువ్వల మీద కాంక్రీటు కవరు మందం పెంచాలి, కాంక్రీటు గ్రేడు పెంచాలి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంటాడు. అక్కడ వాళ్ల కౌంటీ రోడ్డు కింద పైపు మార్చడానికి చేపల కోసం ప్రత్యేక అనుమతి తీసుకున్నారట, నీటిలో పని కొన్ని వారాలే చేయనిచ్చారట. మనకు ఇలాంటిది లేదా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: అక్కడ రాష్ట్ర మత్స్య, వన్యప్రాణి శాఖ నుంచి జలపనుల అనుమతి, దానితోపాటు స్వచ్ఛజల చట్టం 404వ సెక్షను కింద ఆర్మీ ఇంజినీర్ల దళం అనుమతి ఉంటాయి. పాత కట్టడాన్ని మార్చే పనికి తరచు మూడో నంబరు దేశవ్యాప్త పర్మిట్ కిందే సరిపోతుంది. సాల్మన్ చేపలు గుడ్లు పెట్టడానికి ఎగువకు పోతాయి, పైపు చివర నీళ్లు ఎత్తు నుంచి దూకితే అవి ఎక్కలేవు. ఈ కల్వర్టుల మీద గిరిజన తెగలు వేసిన కేసు 2018లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్కడి న్యాయమూర్తులు నాలుగు-నాలుగుగా చీలడంతో, రాష్ట్రం వాటిని మార్చాలన్న కింది తీర్పే నిలిచింది.

మన దగ్గర పల్లె కల్వర్టుకు అలాంటి చేపల అనుమతి లేదు. అభయారణ్యంలో మాత్రం 1972 వన్యప్రాణి చట్టం 29వ సెక్షను కింద నీటి ప్రవాహాన్ని మళ్లించడానికి, ఆపడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పర్మిట్ కావాలి. కొల్లేరు చుట్టుపక్కల, కృష్ణా అభయారణ్యం అంచున ఇది గుర్తుంచుకోవాలి. కానీ చట్టం అడగకపోయినా తొలకరికి కొర్రమీను, జెల్ల డ్రెయిన్‌లోంచి పొలాల్లోకి ఎదురెక్కుతాయి. సిల్ డిజైను అడుగు కంటే కొంచెం కిందికి పెట్టమని పైన చెప్పింది వాటికీ పనికొస్తుంది. ఫ్లోరు మీద బురద నిలిచి, దిగువన దూకుడు లేకుండా నీళ్లు సాఫీగా పోతాయి. అదనంగా ఖర్చేమీ లేదు.

ప్రశ్న: కొత్త కల్వర్టు వెంటు లోపలి నుంచే తాగునీటి పైపు వేస్తామంటున్నారు. ఒప్పుకోవాలా?
– పంచాయతీ కార్యదర్శి, కాకుమాను మండలం

జవాబు: వద్దు. వెంటులో అడ్డంగా ఉన్న పైపుకు గుర్రపుడెక్క, తూటికాడ చుట్టుకుంటాయి. వాటికి చెత్త పట్టి ఒక్క వానకే సగం వెంటు మూసుకుపోతుంది. మురుగులో మునిగిన పైపు జాయింటు కారితే ఆ మురుగే ఊరి కుళాయిలోకి వస్తుంది. కల్వర్టు కట్టేటప్పుడే పారాపెట్ (పిట్టగోడ) బయట, వరద మట్టానికి పైన, బ్రాకెట్ల మీద పైపు దారి చూపించమని గ్రామీణ నీటి సరఫరా ఏఈకి రాయండి. కేబుళ్ల కోసం రోడ్డు పొరలో 110 మిల్లీమీటర్ల ఖాళీ పైపులు రెండు ముందే పూడ్చి రెండు చివర్లా మూత బిగించండి. అవి లేకపోతే ఏడాది తిరక్కుండా కేబుల్ వాళ్లు వచ్చి కొత్త స్లాబు పక్కనే రోడ్డు తవ్వుతారు.